గొట్టం కాదు, ఇరుసు కొనండి!

మన ఫిజిక్సు విద్యార్థులు కొందరు ఈ ఏడు యూనియన్ కార్యవర్గానికి ఒక అర్జీ తయారుచేశారు. దాని సారాంశమేమిటంటే, కాలేజీకి ఎనిమిదంగుళాల దుర్భిణీ ఒకటి కొనాలి, దాంతో గెలాక్సీలూ నీహారికలూ ఫోటోలు తియ్యాలి, వచ్చే సావనీరు అట్టమీద మన డాబా మీంచి తీసిన ఆండ్రోమెడా బొమ్మ పడాలి. ఎనభైమంది దాకా సంతకాలు చేశారు. నేను చెయ్యలేదు. అప్పట్నుంచీ కాంటీన్లో నన్ను చూసి "వీడికి ఆకాశమంటే గిట్టదురా" అంటున్నారు. ఆకాశమంటే నాకు వాళ్ళకంటే ఓ పిసరు ఎక్కువే ఇష్టం. అంచేతే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. యూనియన్ నిధి ఎక్కడో ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఫీజుతోపాటు మనందరి దగ్గరా వసూలైన సొమ్మది. ట్యూషన్లు చెప్పుకుని ఫీజు కట్టినవాళ్ళదీ అందులో ఉంది. ఆ సొమ్ముతో కొన్న వస్తువు రెండు రాత్రులు డాబా ఎక్కి, మూడో రాత్రి నుంచి బీరువాలో పడుకుంటే నష్టం ఆ వస్తువుతో పోదు. ఇంకో పదేళ్ళపాటు ఎవడైనా లేచి "సైన్సు క్లబ్బుకి ఏదైనా కొందాం" అంటే, "ఆ దుర్భిణీ ఏమైందో ముందు చెప్పు" అని కూర్చోబెడతారు. బీరువాల్లో గొట్టాలకి నిద్ర పట్టించడంలో మన ఊరి విద్యాసంస్థలకి మంచి అనుభవమే ఉంది గదా!

ఇక ఎనిమిదంగుళాల గొట్టం. బడ్జెట్‌లో దొరికేది డాబ్సోనియన్ అనే రకం. కింద చెక్కపెట్టె, దానిమీద గొట్టం, అడుగున 200 మిల్లీమీటర్ల అద్దం. కంటితో చూడ్డానికి రూపాయికి రూపాయి న్యాయం చేసే వస్తువు అంతకు మించి లేదని నేనూ ఒప్పుకుంటాను. శని వలయాలూ, గురుగ్రహం పట్టీలూ, చంద్రుడి గుంటలూ చూపిస్తే మన ప్రిన్సిపాలుగారు కూడా చిన్నపిల్లాడైపోతారు. అర్జీలో రాసింది అది కాదు. అర్జీలో రాసింది "సుదూర ఆకాశపు ఛాయాచిత్రణ". ఆ పనికి ఆ గొట్టం పనికిరాదు.

ఎంచేతనంటే భూమి తిరుగుతోంది. ఈ సంగతి అర్జీ రాసినవాళ్ళకి తెలియదని కాదు, లెక్క వేసి చూసుకోలేదంతే. ఆకాశం సెకనుకి 15 ఆర్క్ సెకన్ల చొప్పున పక్కకి జరుగుతుంది. ఎనిమిదంగుళాల గొట్టానికి నాభ్యంతరం సాధారణంగా 1200 మిల్లీమీటర్లు. దాని వెనక మామూలు కెమేరా, 4 మైక్రాన్ల పిక్సెల్ ఉన్నది, తగిలిస్తే ఒక్కో పిక్సెలు మీద పడేది 0.7 ఆర్క్ సెకను. అంటే ఒక్క సెకను షట్టరు తెరిచి ఉంచితే నక్షత్రం 20 పిక్సెళ్ళకి పైగా గీత గీస్తుంది. నీహారిక వెలుగు చాలా పల్చన. దానికి ఒకటి రెండు నిమిషాల ఎక్స్‌పోజర్లు, అవీ పదుల కొద్దీ, కావాలి. చెక్కపెట్టెమీద తిరిగే గొట్టంతో అదెలా కుదురుతుంది? ఇంకో తిరకాసు కూడా ఉంది. కంటితో చూడ్డానికి చేసిన చాలా న్యూటన్ గొట్టాల్లో కెమేరా బిగిస్తే అసలు ఫోకసే అందదు. సెన్సారు లోపలికి పోవాల్సిన చోటికి పోలేదు. కొన్నాక తెలిసే రహస్యాల్లో ఇదొకటి.

కాబట్టి ఫోటో తీసేవాడికి మొదట కావలసింది ఆకాశంతోపాటు అదే వేగంతో తిరిగే ఇరుసు. దాన్ని ఈక్వటోరియల్ మౌంటు అంటారు. ఇరుసుని ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టి మోటారు ఆన్ చేస్తే, ఒకే ఒక్క కదలికతో భూభ్రమణాన్ని రద్దు చేస్తుంది. మన దగ్గర నూరు రూపాయలుంటే యాభై అరవై దీనికే పోవాలి. మిగిలినదాంట్లోనే కెమేరా, లెన్సు, గొట్టం అన్నీ. దుకాణంలో కళ్ళు ఎప్పుడూ గొట్టంమీదే పడతాయి. తెల్లగా, పొడుగ్గా, ఫిరంగిలా ఉంటుంది మరి. మౌంటు చూస్తే కుట్టుమిషను తలకాయలా ఉంటుంది. దానికి డబ్బు పెట్టమంటే మనసొప్పదు.

నా మాట నమ్మనివాళ్ళు బేగంపేట కథ వినండి. 1901లో నవాబ్ జాఫర్ జంగ్ ఇంగ్లండులో 15 అంగుళాల గ్రబ్ దుర్భిణీ కొన్నాడు. (అదే 1901లో మన సుల్తాన్ బజారుకి పేరు తెచ్చిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం కూడా పుట్టింది. ఒకే ఏడు ఒకరు పుస్తకాలకీ, ఒకరు నక్షత్రాలకీ డబ్బు పెట్టిన ఊరు మనది.) నవాబుగారు పోయాక 1908లో నిజాం ప్రభుత్వం ఆ అబ్జర్వేటరీని చేతిలోకి తీసుకుంది, బేగంపేటకి మార్చింది. అదే నిజామియా అబ్జర్వేటరీ. 1919 నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందకి వచ్చింది. మరి ఆ 15 అంగుళాల పెద్ద గొట్టం పనిలోకి ఎప్పుడొచ్చిందనుకున్నారు? 1922లో! ఇరవయ్యేళ్ళు దాటింది.

ఈలోగా పనంతా చేసింది ఎనిమిదంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫు. అది పుట్టుకతోనే ఫోటోలకోసం చేసిన యంత్రం. ఆకాశం వెంట తిరిగే ఇరుసు మీద కూర్చుంది. ఈ జాతి యంత్రాల్లో ఫోటో తీసే గొట్టానికి జతగా చూసే గొట్టం ఒకటి ఉంటుంది. ప్లేటు మీద వెలుగు పడుతున్నంతసేపూ మనిషి జత గొట్టంలో కన్ను పెట్టి, నక్షత్రం తీగల కూడలి నుంచి జారకుండా కాపలా కాస్తాడు. పారిస్‌లో 1887లో మొదలైన అంతర్జాతీయ ఆకాశపటం పనిలో మన ఊరికి దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ వచ్చింది. తర్వాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీలో కూడా చెయ్యి వేశారు. చాట్‌వుడ్, పోకాక్, వారి తర్వాత టి.పి. భాస్కరన్ గార్ల కాలంలో లక్షలాది నక్షత్రాల స్థానాలు ప్లేట్లమీద కొలిచి సంపుటాలుగా అచ్చువేశారు. ఆ పాత కొలతలు వృథా పోలేదు. 2000 సంవత్సరంలో వెలువడిన టైకో-2 కేటలాగు, 25 లక్షల నక్షత్రాలు ఎటు ఎంత కదిలాయో తేల్చడానికి హిప్పార్కస్ ఉపగ్రహం కొలతల పక్కన ఆనాటి ఆకాశపటం ప్లేట్ల లెక్కల్నే పెట్టుకుంది. బేగంపేటలో రాత్రుళ్ళు మేలుకొన్నవాళ్ళ కష్టం అందులో ఉంది.

పదిహేనంగుళాలు ఎదురుచూస్తుంటే ఎనిమిదంగుళాలు ఊరికి పేరు తెచ్చింది. అదీ కథ. ఇప్పుడు మన బడ్జెట్‌కి తగ్గట్టు ఆ ఎనిమిదిని కూడా మూడుకి దించమంటున్నాను.

"మూడంగుళాల్లో ఏం కనిపిస్తుంది?" అని అడుగుతారు. కంటికి పెద్దగా కనిపించదు. కెమేరాకి కావలసినంత కనిపిస్తుంది. జనం అనుకునేట్టు నీహారికలూ గెలాక్సీలూ అన్నీ చిన్నవి కావు, మసకవి. ఆండ్రోమెడా ఆకాశంలో సుమారు 3 డిగ్రీలు పొడుగు, అంటే ఆరు పున్నమి చందమామల్ని వరసగా పేర్చినంత. పిల్లలకోడి అని మన పల్లెల్లో పిలిచే కృత్తికలు రెండు డిగ్రీల దాకా పరుచుకుంటాయి. మామూలు ఏ.పి.ఎస్.-సి. కెమేరా 1200 మిల్లీమీటర్ల గొట్టానికి తగిలిస్తే అందులో పట్టేది అడ్డంగా ఒక డిగ్రీ చిల్లర. ఆండ్రోమెడా నడుమే పడుతుంది, తలా తోకా బయట! అదే 400 మిల్లీమీటర్ల చిన్న గొట్టమైతే అడ్డంగా 3.3 డిగ్రీలు, నిలువుగా 2.2. గెలాక్సీ మొత్తం ఒద్దికగా ఇముడుతుంది. పైగా ఇరుసు కాస్త తడబడినా చిన్న గొట్టం క్షమిస్తుంది, పెద్ద గొట్టం క్షమించదు.

కొనేటప్పుడు పెట్టెమీద 675 రెట్లు, 525 రెట్లు అని రాసి ఉన్నవాటి జోలికి పోకండి. 60 మిల్లీమీటర్ల కటకం నిక్కచ్చిగా చూపగలిగేది 120 రెట్లకి మించదు. ఫోటోలో అయితే ఆ రెట్ల లెక్కకి అర్థమే లేదు. అలాగే చవక రెండు కటకాల గొట్టంలో నీలికాంతి వేరేచోట ఫోకసవుతుంది. ప్రతి పెద్ద నక్షత్రం చుట్టూ ఊదారంగు మచ్చ పడుతుంది. ఈ.డీ. గాజు అని రాసి ఉన్న 60-80 మిల్లీమీటర్ల గొట్టాల్లో ఆ బాధ బాగా తగ్గుతుంది. అది కొనే స్తోమతు లేకపోతే? గొట్టమే వద్దు. పాత 135 మిల్లీమీటర్ల కెమేరా లెన్సు చాలు. కోఠీలో, బ్యాంక్ స్ట్రీట్‌లో బేరమాడ్డం చేతనైనవాడు (మన సుల్తాన్ బజారులో గాజులకీ చీరలకీ బేరమాడే అక్కయ్యల్ని ఒకర్ని వెంటబెట్టుకెళ్ళడం ఉత్తమం) సెకండు హ్యాండు డి.ఎస్.ఎల్.ఆర్., ఒక లెన్సు సంపాదించవచ్చు. లెన్సుని టార్చిలైటుకి అడ్డంపెట్టి చూడండి. లోపల సాలెగూడులాంటి చారలుంటే అది ఫంగస్, ఊరికే ఇచ్చినా వద్దు. కెమేరా షట్టరు ఎన్నిసార్లు కొట్టుకుందో అడగండి. ఇంకో సంగతి. మామూలు కెమేరాలో సెన్సారు ముందున్న ఫిల్టరు 656 నానోమీటర్ల హైడ్రోజన్ ఎరుపుని చాలావరకు మింగేస్తుంది. అంచేత ఎర్ర నీహారికలు మొదట్లో నిరాశపరుస్తాయి. గెలాక్సీలకీ, నక్షత్ర గుచ్ఛాలకీ, కృత్తికలకీ ఆ ఇబ్బంది లేదు. మొదటి ఏడాది వాటితోనే సరిపెట్టుకోవచ్చు.

ఇప్పుడు మన ఊరికి ప్రత్యేకమైన చిక్కొకటుంది. అమెరికా పుస్తకాల్లో ఇది పెద్దగా రాయరు. ధ్రువుడు ఏ ఊళ్ళోనైనా ఆ ఊరి అక్షాంశమంత ఎత్తులోనే ఉంటాడు. హైదరాబాదు అక్షాంశం 17 డిగ్రీల చిల్లర. అంటే చెయ్యి చాపి పిడికిలి పట్టుకుంటే దిక్చక్రం నుంచి రెండు పిడికిళ్ళ లోపే. సుల్తాన్ బజారు డాబా మీంచి ఉత్తరానికి చూస్తే ముందు ఎవరిదో నీళ్ళ ట్యాంకు, తర్వాత అపార్టుమెంటు, ఆపైన నారాయణగూడ, హిమాయత్‌నగర్ దీపాల తెల్లటి పొగ. ధ్రువుణ్ణి వెతకడానికి ధ్రువుడంత తపస్సే చెయ్యాలి! ఇరుసుని గురిపెట్టలేకపోతే అంత ఖరీదైన మౌంటూ కుట్టుమిషనే. కాబట్టి మౌంటు కొనేముందు మన డాబామీద ఏ మూల నుంచి ధ్రువుడు కనిపిస్తాడో ఒక రాత్రి ఎక్కి చూడాలి. అర్జీ రాసినవాళ్ళలో ఈ పని ఎంతమంది చేశారో చేతులెత్తమనండి.

అదే అక్షాంశం మనకో వరం కూడా ఇచ్చింది. ఒమేగా సెంటారి అనే మహా నక్షత్రగుచ్ఛం లండన్ వాడికి జన్మలో ఇంటిదగ్గర కనిపించదు. మనకి దక్షిణాన 25 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి హాయిగా తీయవచ్చు. మే నెలలో చిక్కల్లా వేడితో. సెన్సారు ఆరేడు డిగ్రీలు వేడెక్కితే దాని రొద సుమారు రెట్టింపవుతుంది. లెన్సు మూత బిగించి అదే వేడిలో, అదే వ్యవధితో కొన్ని నల్ల ఫోటోలు తీసి తరవాత తీసివేత చేసుకోవాలి.

డబ్బు బొత్తిగా లేనివాళ్ళ సంగతేమిటి? అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్‌కి చదివే మన పాత విద్యార్థులు ఇద్దరు ముగ్గురు నన్నిదే అడిగారు. నెలకింతని ఇంటినుంచి వచ్చే డబ్బులో భోజనం, గది అద్దె, టెస్ట్ సిరీస్ పోగా మిగిలేది ఏముంటుంది? వాళ్ళకి నేను చెప్పేది రెండు చెక్కపలకల యంత్రం. ఒకవైపు బందుతో కలిపి, రెండో వైపు మర బిగిస్తే, తలుపులా నెమ్మదిగా తెరుచుకుంటుంది. బందు ఇరుసుని ధ్రువుడి వైపు పెట్టి, పైపలకమీద కెమేరా కూర్చోబెట్టాలి. లెక్క ముచ్చటగా ఉంటుంది. మామూలు 6 మిల్లీమీటర్ల బోల్టుకి మరచుట్టు ఒక మిల్లీమీటరు. నిమిషానికి ఒక చుట్టు తిప్పితే, బందు నుంచి మరకి దూరం 228.5 మిల్లీమీటర్లు ఉండాలి. అప్పుడు పలక సరిగ్గా ఆకాశం వేగంతో తెరుచుకుంటుంది. చేత్తో గడియారం చూసుకుంటూ తిప్పినా 50 మిల్లీమీటర్ల లెన్సుతో ఒకటి రెండు నిమిషాలు నక్షత్రాలు చుక్కలుగానే నిలుస్తాయి. బందులూ బోల్టులూ ట్రూప్ బజారులో, చిన్న మోటారు కావాలంటే గుజరాతీ గల్లీలో. మిగతా పని వడ్రంగిది. అదీ లేదంటే ఉత్త ట్రైపాడ్ మీద, 50 మిల్లీమీటర్ల లెన్సుతో, ఆరేసి సెకన్ల చొప్పున ఫోటోలు తీసుకుంటూ పోవచ్చు. నూరు ఫోటోలు కలిపితే రొదతో పోలిస్తే బొమ్మ బలం పదిరెట్లవుతుంది. కలపడానికి డీప్‌స్కైస్టాకర్, సిరిల్ అనే ప్రోగ్రాములు ఉచితం.

ఈ మధ్య చిన్న టిఫిన్ డబ్బాలాంటి "స్మార్టు" దుర్భిణీలు వచ్చాయి. 2023లో వచ్చిన సీస్టార్ ఎస్-50 అలాంటిదే. 50 మిల్లీమీటర్ల కటకం, 250 మిల్లీమీటర్ల నాభ్యంతరం, కెమేరా, మోటారు, లెక్కలు అన్నీ లోపలే. ఫోనులో వేలు పెడితే నీహారిక బొమ్మ దానంతటదే పేరుకుంటుంది. ధ్రువుడు కనిపించకపోయినా ఫరవాలేదు, పది పది సెకన్ల చిన్న ఫోటోలు తిప్పి సరిచేసి కలుపుకుంటుంది. ఇది మోసమని మా జట్టులో ఒకడంటాడు. నేననను. ఒంటరిగా, బండి లేకుండా, ధ్రువుడు కనపడని డాబామీద ఉండేవాడికి నేడు అంతకంటే మంచి బేరం లేదు. కాలేజీకి మాత్రం వద్దంటాను. దాన్ని ఆన్ చేశాక విద్యార్థికి చెయ్యడానికి ఏమీ మిగలదు. ఇరవైమంది ఒక ఫోను చుట్టూ మూగి నిలబడతారు. చెక్కపలకలకి మర బిగించినవాడికి సైడీరియల్ దినం 23 గంటల 56 నిమిషాలని మళ్ళీ ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మన లెక్చరర్లలో కొందరు దీనికి ఒప్పుకోరని తెలుసు. వాళ్ళు వచ్చే సంచికలో రాయవచ్చు.

చివరికి ఆకాశం సంగతి. అసలు ఖర్చు అక్కడే. బేగంపేట ఒకప్పుడు ఊరవతల. ఊరు దీపాలేసుకుని మీదికొచ్చేసరికి విశ్వవిద్యాలయంవాళ్ళు 48 అంగుళాల దుర్భిణీని జపాల్-రంగాపూర్‌లో, యాభై కిలోమీటర్లు దాటి, 1968లో పెట్టుకోవలసి వచ్చింది. అంత పెద్ద అద్దం ఉన్నవాళ్ళే ఊరు వదిలి పోతే మనం ఎనిమిదంగుళాలతో కోఠీ డాబామీద ఏం గెలుస్తాం? సోడియం దీపాల రోజుల్లో ఆ పసుపుని ఫిల్టరుతో కొంత కోసేయవచ్చు. ఎల్.ఈ.డీ. దీపాల తెలుపు అన్ని రంగుల్లోనూ పరుచుకుంటుంది కాబట్టి గెలాక్సీలకి ఫిల్టరు పెద్దగా సాయం చెయ్యదు. చీకటి కావాలంటే పెట్రోలు పోసుకుని పోవాల్సిందే. అందుకే నా లెక్కలో యూనియన్ ఇచ్చే నూరులో ఓ పదిహేను రూపాయలు ప్రయాణాలకి విడిగా కట్టిపెట్టాలి. అరవై ఇరుసుకి, ఇరవై అయిదు పాత కెమేరాకీ లెన్సుకీ. గొట్టానికి ఈ ఏడు సున్నా. రెండో ఏడు పిల్లలు నిజంగా పది రాత్రులు బయటికి వెళ్ళినట్టు పుస్తకంలో సంతకాలుంటే, అప్పుడు 70 మిల్లీమీటర్ల ఈ.డీ. గొట్టం. వెళ్ళకపోతే ఇరుసూ కెమేరా అమ్మేసినా సగం డబ్బన్నా వెనక్కొస్తుంది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులే, ఆ నెలల్లో ఎవరేం కొన్నా సంచిలోనే ఉంటుంది. దీపావళి అమావాస్యే గదా, ఆ రాత్రి పోదామంటారు కొందరు. అమావాస్య నిజమే, ఆకాశం నిండా బాణసంచా పొగ! దాని తరవాతి అమావాస్య, కార్తీకం చివర, అసలైనది. చీకటి పడేసరికి ఆండ్రోమెడా నెత్తిమీద, పిల్లలకోడి తూర్పున, రాత్రి తొమ్మిది దాటాక మృగశిర. చలి మొదలవుతుంది కాబట్టి సెన్సారు కూడా చల్లగా ఉంటుంది. మా దగ్గర చెక్కపలకలు రెండు జతలు సిద్ధంగా ఉన్నాయి, కెమేరా ఒకటే. ఇబ్రహీంపట్నం దాటి ఇంకాస్త లోపలికి పోదామనుకుంటున్నాం. జీపులో ఆరుగురికే చోటు. అర్జీమీద సంతకం పెట్టినవాళ్ళయినా సరే, రగ్గు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.